హొన్నమ్మ పాట, కాంతామణి గొంతు

పోయిన వైశాఖంలో ధర్మపురి బస్టాండు వెనక కల్యాణమండపంలో ఒక పెండ్లికి వెళ్లాను. తాళి కట్టడం అయిపోయింది, బంతులు నడుస్తున్నాయి. అంతలో స్పీకర్లలో ఆ పాట మొదలైంది. ఈసారి గిటారు మీద. పాడేది మోనిష అనే బెంగుళూరు పిల్ల అట, ఆ పాట లేని సెల్‌ఫోన్ లేదట. ప్రతి మాటకూ ముందొక నిట్టూర్పు, వెనకొక నిట్టూర్పు. లెక్క వేస్తే పాట కంటే నిట్టూర్పులే ఎక్కువ ఉంటాయి. నాకు ఒళ్లు మండింది.

పొద్దు వాలె, పాలు పొంగె, పోయినోడు రాకపాయె,
తలుపు తీసి పెట్టినాను, దారి మరచిపోకు మామా.

‘మామా’ దగ్గర ఆ పిల్ల గొంతు విరిచింది. అందరూ అక్కడే విరుస్తారు. ఆడవాళ్లు విరుస్తారు, మగవాళ్లు విరుస్తారు, పాటను నాదస్వరం మీద వాయించే మహానుభావుడు కూడా అక్కడికి రాగానే ఊపిరి తెంపి మళ్లీ అందుకుంటాడు. అది పాటలో భాగమని అందరి నమ్మకం.

నా ఎదుటి బంతిలో కాంతామణి కూర్చుని పాయసంలో అప్పడం నలుపుకుంటోంది. తల ఎత్తలేదు. ఆ విరిగిన గొంతు మొదట ఆమెదేనని ఆ మండపంలో ఇద్దరికే తెలుసు, ఆమెకూ నాకూ.

నా పేరు విశ్వనాథన్. మాది వ్యాపారం చేసుకునే ఇల్లు. ఎన్ని తరాలుగా ఇక్కడ ఉన్నామో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎనభైలలో బస్టాండు దగ్గర క్యాసెట్ల అంగడి పెట్టాను. కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసుకొస్తే, ఆ వరసలోనే రికార్డు చేసి ఇచ్చేవాణ్ని. ఇప్పుడు అదే అంగట్లో సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్ముకుంటున్నాను. ఆనాటి క్యాసెట్లు తిప్పే డెక్కు ఒకటి మాత్రం మూలన గుడ్డ కప్పి ఉంచాను. పాత ఇనుముకు వేయమని మా ఇంటామె పదేండ్లుగా పోరుతోంది. వేయను.

కాంతామణిది ఊరి అంచున ఉన్న సోగత్తూరు. పశువుల ఇల్లు. యాభై ఆరేండ్లు వచ్చినా ఆరు ఆవులనూ రెండు ఎనుములనూ తానే చూసుకుంటుంది. భర్త ఎల్లప్పన్ పాల వ్యాను తోలుతాడు. మా వీధి మొత్తానికి ఆమె పాలే. మనిషి మాట్లాడితే పక్కవాళ్లకు కూడా సరిగా వినపడదు. ఆవులను సైతం పేరు పెట్టి పిలవదు, నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తుంది, అవి తిరిగి వస్తాయి. ఆమె స్వభావమే అంత అని ఊళ్లో అనుకుంటారు. స్వభావం కాదు. ఆమె గొంతు ఆమె దగ్గర లేకుండా చేసినవాణ్ని నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పాట కట్టింది కాంతామణి అక్క హొన్నమ్మ. పశువుల సంతకు పోయిన మొగుడు పొద్దు వాలినా రాలేదని అల్లుకున్న పాట. మొగుడు జయరామ కుప్పం వైపు మనిషి. పెండ్లయ్యాక సోగత్తూరులోనే అత్తవారింట ఉంటూ పశువుల బేరం చేసేవాడు. ఎనభై అయిదులో మారియమ్మ తిరునాళ్లకు పెరియంపట్టి నుంచి బాలసుందరం మైక్ సెట్టు తెచ్చాడు. సాయంత్రం మైకు సరిచూసుకుంటుంటే ఆడవాళ్లంతా కలిసి హొన్నమ్మను ముందుకు తోశారు. ఆమె ఆ పాట పాడింది. బాలసుందరం టేపు తిరుగుతూనే ఉంది. తర్వాత జయరామ బతిమాలితే దానికొక నకలు తీసి ఇచ్చాడు.

అదే ఏడు కార్తీకంలో హొన్నమ్మ పచ్చకామెర్లతో పోయింది. ఇరవై రెండేండ్లు.

కర్మ అయిన మరునాడు జయరామ నా అంగడికి వచ్చాడు. కుప్పానికి వెళ్లిపోతున్నాడు. తన దగ్గరున్న క్యాసెట్టుకు ఒక నకలు తీసి అత్తకు ఇచ్చి పోవాలని వచ్చాడు. నేను భోజనానికి ఇంటికి పోయి ఉన్నాను. పక్క అంగడి మనిషి క్యాసెట్టు తీసుకుని నా బల్ల మీద పెట్టాడు, చెప్పడం మరిచాడు. ఆ బల్ల మీద అలాంటివి ఇరవై ఉన్నాయి. పాత టేపులు తెచ్చి, ఉన్నవి తుడిచేసి కొత్త పాటలు నింపమనేవాళ్లు ఆ కాలంలో చాలామంది.

క్యాసెట్టు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. వాటిని విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు కాదు. జయరామ జాగ్రత్తగా రెండూ విరగ్గొట్టి ఉంచాడు. మాకది లెక్కా? ఆ సందు మీద అంటు కాగితం ముక్క వేస్తే చాలు, మళ్లీ రికార్డు అవుతుంది. పెట్టెలోని అట్ట మీద ఏదో రాసి ఉంది. గుండ్రంగా, ముద్దుగా ఉన్న అక్షరాలు. తెలుగు అని గుర్తుపట్టాను. అంతే. నాకు తెలుగు చదవడం రాదు. మా నాన్నకు రాదు, తాతకు రాదు. మేము తెలుగులో తిట్టుకుంటాం, తెలుగులో ఏడుస్తాం, ఉత్తరం మాత్రం తమిళంలో రాస్తాం. ఏదో పాత సినిమా పేరు అయి ఉంటుందిలే అనుకుని కాగితం ముక్క అంటించాను. ఒక పెండ్లివారి చీటీలో ఉన్న పన్నెండు తమిళ పాటలు దాని మీద ఎక్కించాను. లోపల ఏముందో ఒక్క నిమిషమైనా పెట్టి వినలేదు.

నాలుగు గంటలకు జయరామ వచ్చి, “నా క్యాసెట్టు” అన్నాడు. బల్ల మీద ఖాళీగా ఉన్న పెట్టెను చూపించాడు. క్యాసెట్టు డెక్కులో ఉంది. అప్పుడు నాకు అర్థమయింది.

నిజం చెప్పి ఉండవచ్చు. నాకు ఇరవై మూడేండ్లు, భయం, పైగా తలపొగరు. లోపలికి పోయి వేరే ఒక పాడైన క్యాసెట్టులోంచి టేపు లాగి, నలిపి, పిడికెడు తెచ్చి చూపించాను. “మిషను తినేసింది అన్నా, నేనేమి చేసేది” అన్నాను. ఆయన అరవలేదు. ఆ నలిగిన టేపును రెండు చేతులా తీసుకుని, రుమాలులో మూట కట్టుకుని, కుప్పం బస్సు ఎక్కాడు. అది హొన్నమ్మ గొంతు కూడా కాదు. ఎవరిదో, ఏ పాటదో నాకే తెలియదు.

అట్ట మాత్రం నా దగ్గర ఉండిపోయింది. ఆరు నెలల తర్వాత కుప్పం నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరుకు చూపించాను. అతను చదివాడు. ‘ఇది నా భార్య హొన్నమ్మ పాడింది. దయచేసి చెరపవద్దు.’ నా తల్లి మాట్లాడే భాషలోనే రాసి ఉంది. అదే వారం కుప్పం పోయి చిన్నపిల్లల అక్షరాల పుస్తకం కొనుక్కొచ్చాను. ఇప్పుడు ఈ రాస్తున్న అక్షరాలు అట్లా నేర్చుకున్నవే. నేర్చుకుని ఏం లాభం?

అట్ట సంగతి తెలియకముందే రెండో తప్పు చేశాను. జయరామ పోయిన మూడో రోజు కాంతామణి వచ్చింది. అప్పటికి పదిహేడేండ్ల పిల్ల. కండ్లు ఉబ్బి ఉన్నాయి.

“అన్నా, మా అమ్మ అన్నం ముట్టలేదు. హొన్ని పాట పెడితేనే తింటాను అంటుండాది. బావ నీ తావ ఇచ్చినాడంట కదా.”

మిషను తినేసింది అన్నాను. ఆ పిల్ల అట్లే నిలబడింది. కదలదు, ఏడవదు. ఆ నిలబడడం నేను ఓర్చుకోలేకపోయాను. నోరు జారింది.

“నువ్వు పాడు తల్లీ. మీ ఇద్దరి గొంతూ ఒక మాదిరే ఉంటాది కదా. మీ అమ్మకు చూపు సరిగా లేదు, వినికిడీ తక్కువే. ఏమి తెలస్తాది?”

నేను హొన్నమ్మ గొంతు ఎన్నడూ వినలేదు. ఒక మాదిరే ఉంటుందని నాకెట్లా తెలుసు? ఆ క్షణం గట్టెక్కితే చాలనుకున్నాను.

మధ్యాహ్నం తలుపు సగం దించి, బస్సుల మోత రాకుండా జంబుఖానా వేలాడదీసి రికార్డు చేశాను. అక్క ఎట్లా పలుకుతుందో, ఎక్కడ లాగుతుందో గుర్తు చేసుకుంటూ కాంతామణి పాడింది. ‘మామా’ దగ్గరికి వచ్చేసరికి దుఃఖం ఆగలేదు, గొంతు తెగిపోయింది. ఒక ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంది. ఇంకొకసారి పాడమనడానికి నాకు నోరు రాలేదు. అట్లే ఇచ్చేశాను.

వాళ్ల అమ్మ నమ్మింది. “నా హొన్ని ఎంత దుఃఖంగా పాడినాదో, ముందే తెలిసిపోయిందేమో నా తల్లికి” అని ఊరంతా చెప్పుకుంది. సాయంత్రం పాలు పిండే వేళకు ఆ పాట పెట్టమనేది. తొమ్మిదేండ్లు పెట్టించుకుంది. పొదుగు దగ్గర కూర్చుని కాంతామణి తన గొంతును తానే వినేది, తల్లి పక్కన కూర్చుని చచ్చిపోయిన బిడ్డకు జవాబులు చెప్పేది.

ఒక్కడికి మాత్రం తెలిసింది. ఏడాది తిథికి జయరామ వచ్చాడు. పాట పెట్టారు. మొదటి మాటకే లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. లోపలికి తిరిగి రాలేదు, ఎవరితోనూ ఏమీ అనలేదు, అటునుంచి అటే ఊరికి పోయాడు. మళ్లీ తిథికి రాలేదు.

ఇక పాట ఊరు దాటిన సంగతి. దానికీ నేనే కారణం. ఒక నకలు అంగట్లో ఉంచుకున్నాను. ఒక రోజు పెట్టుకుని వింటుంటే కృష్ణగిరి ఆర్కెస్ట్రా పాటగాడొకడు చెవి ఒగ్గి నిలబడి, ఎవరు పాడింది అన్నాడు. ‘సోగత్తూరు హొన్నమ్మ’ అని తమిళంలో రాసి ఒక క్యాసెట్టు చేతిలో పెట్టాను. అబద్ధం మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది అప్పుడే. అతను దానికి డ్రమ్ము కలిపి తిరునాళ్లన్నిటా పాడాడు. ఆడవాళ్ల పాట మగవాడు పాడితే ఎట్లా అని ‘మామా’ తీసి ‘చెల్లీ’ పెట్టబోయాడట, జనం ఊరుకోలేదు. తర్వాత ఒక క్యాసెట్ కంపెనీ తమిళంలో పెట్టింది. అందులో పాలు పోయి పన్నీరు వచ్చింది. పాలు పొంగిపోయేదాకా దారి చూసిన మనిషి గురించి కదరా పాట, పన్నీరు ఎక్కడ పొంగుతుంది? హోసూరు పక్క కన్నడం వాళ్లు పాడారు. మాల వేసుకున్నవాళ్లు కొండకు పోతూ ‘దారి మరచిపోను స్వామీ’ అని పాడుకున్నారు. ఒక ఎన్నికలో ఆటో మీద మైకు కట్టి ‘గుర్తు మరచిపోకు మామా’ అని వీధి వీధీ తిప్పారు. ఆ ఓటు పాటలో కూడా ‘మామా’ దగ్గర గొంతు విరుపు ఉంది. అది విన్న రోజు అంగడి మూసేసి ఇంటికి పోయి పడుకున్నాను.

ఒక పదిహేడేండ్ల పిల్ల దుఃఖం ఆపుకోలేక మింగిన గుక్క అది. ముప్పై తొమ్మిదేండ్లుగా పెండ్లి పందిళ్లలో దానికి చప్పట్లు కొడుతున్నారు.

తల్లి పోయిన తర్వాత ఒక రోజు పాలు పోయడానికి వచ్చి, చెంబు పట్టుకునే కాంతామణి నాతో అంది:

“అన్నా, ఒక మాట. అక్క గొంతు నాకు గుర్తు రాలేదు. మొగం తెలస్తాది, చెయ్యి తెలస్తాది, జడ తెలస్తాది. నోరు తెరిస్తే నా గొంతే వస్తాది. ఎంత తలచుకున్నా అంతే. ఒక్కసారి వింటే చాలన్నా. చచ్చేలోపల ఒక్కసారి.”

నేను పాలు లోపల పెట్టే నెపంతో ఇంట్లోకి పోయాను.

ఆమె పాడడం ఆ మధ్యాహ్నంతోనే మానేసింది. పాడితే ఇంట్లో వాళ్లు గుర్తుపడతారని భయం. గట్టిగా పిలిస్తే కూడా ఆ గొంతే. అందుకే మాట తగ్గించింది. ఏటేటా హొన్నమ్మ పోయిన తిథికి ఆకు వేసి, ఆమెకు ఇష్టమైన రాగి సంగటీ చిక్కుడుకాయ కూరా వడ్డించి, పటం ముందు పాట పెడతారు. ఇంట్లో అందరికీ అది హొన్నమ్మే. పిల్లలు దండం పెట్టుకుంటారు, ఎల్లప్పన్ కర్పూరం వెలిగిస్తాడు. బతికున్న కాంతామణి గొంతుకు హారతి. ఆ హారతి పళ్లెం ఆమె ముందుకు తెస్తే ఆమె కూడా కండ్లకు అద్దుకుంటుంది. ఒకసారి నన్ను పిలిచారు. అది చూశాక మళ్లీ వెళ్లలేదు.

శ్రావణంలో పెరియంపట్టి నుంచి ఒకామె ఫోన్ చేసింది. బాలసుందరం కూతురు, పేరు తమిళరసి. తండ్రి పోయి రెండేండ్లయింది, మైక్ సెట్టు కొట్టు ఖాళీ చేస్తున్నారు, ట్రంకు పెట్టె నిండా క్యాసెట్లు ఉన్నాయి, నీకు పనికొస్తాయా అని అడిగింది. వెళ్లాను. తీస్తుంటే నడుమ ఒకటి కనిపించింది. తమిళంలో ‘సోగత్తూరు మారియమ్మ 85, మైక్ టెస్ట్’ అని ఉంది. మైక్ సెట్టు వాళ్లు టేపు చెరిపి మళ్లీ వాడుకుంటారనే అందరం అనుకున్నాం. ఆ ముసలాయన ఏదీ పారేసే రకం కాదని నాకు అన్నేండ్లూ ఎందుకు తోచలేదో ఆ దేవుడికి తెలియాలి. జేబులో వేసుకుని బస్సు ఎక్కాను.

వినలేదు. విని ఉంటే అందులో హొన్నమ్మ పాట ఉందో లేదో నాకు తెలిసిపోయేది, కానీ ముందు వినే హక్కు నాది కాదు. నేరుగా సోగత్తూరు పోయాను. కాంతామణి కొట్టంలో పాలు పిండుతోంది. క్యాసెట్టు చూపించి సంగతి చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

“మిషను తినేసినదాన్ని దేవుడు తిరిగి ఇచ్చినాడన్నా” అంది.

ఆ మాట నేను మోయలేకపోయాను. అక్కడే పేడలో నిలబడి మొత్తం చెప్పేశాను. అట్ట, కాగితం ముక్క, పెండ్లివారి పన్నెండు పాటలు, వేరే క్యాసెట్టులోంచి లాగిన టేపు. దాపరికం లేకుండా చెప్పాను. ఆమె మళ్లీ పిండడం మొదలుపెట్టింది.

“చెరపవద్దు అని రాసినాడా బావ?”

“రాసినాడు.”

“నీకు చదవను రాలేదు.”

“రాలేదు.”

“నా చేతికిచ్చి ఉన్నా నాకూ రాదు” అంది. తర్వాత అడిగింది, “బావ ఎత్తుకోని పోయినాడే, ఆ టేపు ఎవరిది?”

“తెలియదమ్మా. ఏదో ఒకటి.”

“నేను కుప్పం పోయినపుడు చూసినాను. మళ్లా పెండ్లి చేసుకోని పిల్లలు పుట్టినాక కూడా దేవుని గూట్లో పెట్టుకోని ఉండినాడు. పోయేదాకా దానికి పూలు పెట్టినాడు.” పాల బకెట్టు పక్కకు జరిపింది. “నువ్వు పో అన్నా. నా కండ్ల ముందర నిలబడొద్దు.”

పదకొండు రోజులు మా ఇంటికి పాలు రాలేదు. వీధిలో అందరికీ వచ్చాయి. మా ఇంటామె ప్యాకెట్టు పాలతో కాఫీ పెట్టి, ఏమి చేసినావు ఆ మనిషిని అని అడిగింది. పెండ్లయి ముప్పై అయిదేండ్లు, ఆమెకు కూడా చెప్పని సంగతి. ఏమీ లేదు అన్నాను.

పన్నెండో రోజు పొద్దున పది గంటలకు కాంతామణి అంగడికి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, కాళ్లు కడుక్కుని, గుడికి వచ్చినట్టు వచ్చింది. “పెట్టు” అంది.

డెక్కు మీద గుడ్డ తీశాను. స్పిరిట్ దూదితో లోపల తుడిచాను. టేపు అతుక్కుని ఉంటుందని పెన్సిలుతో మెల్లగా ముందుకు తిప్పి, వెనక్కు తిప్పి, డెక్కులో పెట్టాను. అంగడి తలుపు మూయలేదు. బయట సేలం బస్సు వాడు ఊళ్ల పేర్లు అరుస్తూనే ఉన్నాడు.

ముందు గరగర. తర్వాత బాలసుందరం గొంతు, “హలో, హలో, ఒన్, టూ, త్రీ.” ఆడవాళ్ల గుసగుసలు, గాజుల చప్పుడు. ఎవరో ‘నువ్వే పాడు, నువ్వే పాడు’ అంటున్నారు. తర్వాత పాట.

నేను అనుకున్నది కాదు అది. నలభై ఏండ్లుగా ఊరూరా విన్నది కాదు. అందులో సగం నిడివి కూడా లేదు, అంత జోరుగా పోతోంది. మొగుణ్ని ఆడిపోసుకుంటున్న పాట. సంతకు పోయి తాగి పడిపోయావా, దారి మరచిపోయావా, రా, నీ పని చెప్తాను అన్నట్టు ఉంది. గొంతు సన్నం కాదు, కొంచెం బొంగురు. ‘మామా’ దగ్గర విరుపు లేదు. అక్కడ హొన్నమ్మ కావాలనే ఒక ఎగతాళి సాగదీత సాగదీసింది, ఎదురుగా జయరామ నిలబడి ఉన్నాడేమో. మైకు పక్కనే ఎవరో ఆడపిల్ల ఆపుకోలేక పగలబడి నవ్వింది.

కాంతామణి తల ఎత్తింది. ముఖమంతా వెలిగింది. అంత వెలుగు ఆ ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

“ఆ నవ్వేది నేనన్నా” అంది. “నేనే. అక్క పక్కన్నే కూసోని ఉన్నాను. బావ మొగం ఎర్రగా అయిపోయింది ఆ పొద్దు. నేనే అది.”

నాకు కండ్లు నిండాయి. ఇన్నేండ్లకు ఒక్క మంచి పని చేశాను అనుకున్నాను. పాట రెండో చరణంలోకి పోయింది. ఆమె నవ్వు ముఖంతోనే వింటోంది. కొంతసేపటికి ఆ నవ్వు మెల్లగా సడలింది. డెక్కు వైపు వంగి చెవి పెట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి.

“పాడేది ఎవరు?” అంది.

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. “ఏమమ్మా?”

“నవ్వేది నేను. ఆ పాడేది ఎవరన్నా?”

“మీ అక్క. హొన్నమ్మ.”

ఆమె నా ముఖంలోకి చూసింది. మళ్లీ అబద్ధం చెబుతున్నానా అని చూసింది. నేను చెప్పడం లేదని ఆమెకు తెలిసింది. దాంతో ఇంకా భయపడింది. “మళ్లా పెట్టు” అంది. పెట్టాను. మళ్లా అంది. నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ నవ్వు దగ్గర చెయ్యి ఎత్తి ‘నేను’ అన్నట్టు తన గుండె మీద పెట్టుకుంది. పాట దగ్గర కండ్లు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ వెతికింది.

“ఎవురో ఆయమ్మ” అంది చివరికి. “బాగా పాడింది. నాకు తెలియలేదన్నా.”

ఆ మాట అనేసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఓదార్చడానికి నాకు ఏ ముఖం ఉంది? జయరామ బతికి ఉంటే ఒక్క మాటతో చెప్పేవాడు. తల్లి లేదు. తిరునాళ్లలో విన్నవాళ్లకు అది ఒక పూట పాట. రోజూ పక్కనే ఉండి హొన్నమ్మను విన్న ప్రాణం ఈ భూమ్మీద ఒక్కటే మిగిలింది, ఆ ప్రాణానికే గుర్తు లేదు.

ఆ రోజు నుంచి రోజూ వస్తుంది. పాలు పోసేసి, పది గంటలకు వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. సెల్‌ఫోనులోకి ఎక్కించి ఇస్తాను, ఇంట్లో వినుకో అన్నాను. ఒప్పుకోలేదు. ఇంట్లో పెడితే అది ఎవరని పిల్లలు అడుగుతారు, నేనేమని చెప్పేది అంది. తిథి వచ్చింది, పోయింది. పటం ముందు ఎప్పటిమాదిరే తన పాటే పెట్టారట. మరునాడు పొద్దున మళ్లీ వచ్చింది.

మా ఇంటికి పాలు మళ్లీ వస్తున్నాయి. మాటలు లేవు. ఒక్క మాట తప్ప. పాట అయిపోయాక ప్రతిరోజూ నేనే అడుగుతాను, “తెలిసిందా తల్లీ?”

ఈ రోజు కూడా అడిగాను. ఆమె లేచి, చీర సర్దుకుని, డెక్కులోంచి వచ్చిన ఆ గొంతుకు చెబుతున్నట్టు మెల్లగా అంది:

“లేదక్కా. రేపు వస్తాను.”